ఏరివేత

“అది నడవలేదు. తీసెయ్,” అన్నాడు ప్రోగ్రామర్.

భార్య వేలు బటన్ మీదే ఆగిపోయింది. తెరమీద మూడుకాళ్ల జంతువొకటి పడుతూ లేస్తూ దేకుతోంది.

“పాపమండీ. ఇంకాస్త టైమిస్తే...”

“ఇందులో పాపమూ లేదు, పుణ్యమూ లేదు. వట్టి లెక్కలు.”

కంప్యూటర్లో జంతువుల్ని పుట్టించడం అతని ఉద్యోగం. ముందు అడ్డదిడ్డంగా కొన్నింటిని తయారుచేసి వదులుతాడు. దూరం నడిచినవాటి లక్షణాలు కలిపి, కాస్త అటూ ఇటూ మార్చి, తర్వాతి తరాన్ని తెస్తాడు. నడవలేనివాటి కథ అక్కడితో సరి. మామూలుగా ఈ ఏరివేత ప్రోగ్రామే చూసుకుంటుంది. ఈమధ్యే అతను దాన్ని ఆపేసి, ఆ పని భార్యకు అప్పగించాడు. ఇంట్లో దిగులుపడుతూ కూర్చునేకంటే కాస్త మనసు మళ్లుతుందని నచ్చజెప్పాడు.

మొదట్లో ఆమె ఒక్కదాన్నీ చంపలేదు. పైగా కుంటివాటికి ముద్దుపేర్లు పెట్టింది. తరాలు మారేసరికి తెరనిండా కుంటివే. ఒక్కటంటే ఒక్కటి చిన్న గట్టు కూడా ఎక్కలేకపోయింది.

“చూశావా? జాలిపడింది నువ్వు. అనుభవిస్తున్నది అవి,” అన్నాడు మెత్తగా.

ఆమె ముఖం పాలిపోయింది.

ఆ రోజు కళ్లు మూసుకుని నొక్కింది. మర్నాడు కళ్లు తెరిచే నొక్కింది. ఆ తర్వాత టీ తాగుతూ, అతనితో మాట్లాడుతూ నొక్కేసింది. మంద తేరుకుంది. గట్లూ గుంటలూ దాటుకుంటూ పరుగులు తీసింది.

“నా మందను చూడండి!” అంటూ చాన్నాళ్లకి నవ్విందామె.

అతనూ నవ్వాడు. కానీ తొందరపడలేదు.

ఇవాళ పొద్దున్నే లేచి ఒక జంతువును అతనే స్వయంగా తయారుచేశాడు. అది లేవదు, కదలదు. పడుకున్నచోటే పొట్ట మాత్రం ఎగసిపడుతూ ఉంటుంది. దాన్ని మంద మధ్యలో వదిలి, భార్యను పిలిచి, ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

ఆమె ఒక్క క్షణం చూసింది.

“ఇదెందుకండీ, దండగ!” అని నొక్కేసింది.

అతనికి పెద్ద బరువు దిగినట్టయింది. “నా బంగారం!” అని ఆమె తల నిమిరాడు. చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

“ఎక్కడికండీ?”

“ఆసుపత్రికి. అద్దాలపెట్టెలో ఉన్న మన బాబుకి ఊపిరిగొట్టం తీసెయ్యాలంటే నీ సంతకం ఒక్కటే తక్కువయింది.”