మట్టి రంగు ఎవరి మాట?

ఆ వేళ అడ్మిన్ చేయవలసిన పనులు ఇవి. కారుతున్న కుళాయి మీద జీడిపాకంలా సాగుతున్న చర్చను ముగించడం. గోడకు ఏ రంగో తేల్చడం, ఎందుకంటే రంగులేసే ఆయన రేపు పొద్దున్నే వస్తానన్నాడు. గ్రూపు నియమావళిలో అచ్చుతప్పులు దిద్దడం. అన్నిటికంటే ముందు, అలిగి వెళ్లిపోయిన కార్యదర్శి గారిని ఎలాగైనా గ్రూపులోకి రప్పించడం.

కార్యదర్శి లేకపోతే ‘మన గూడు’ గ్రూపే లేదు. ఆ సంగతి అడ్మిన్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

అడ్మిన్ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కి బీఏ అయిన మొదటి మనిషి. అందుకే ఏ పనికైనా ఒక పద్ధతి ఉండాలంటాడు. గ్రూపు పెట్టిన రోజే నియమాలు రాసేశాడు. జవాబిచ్చేటప్పుడు ఎవరి మాటకు జవాబిస్తున్నారో ఆ మాటను పైన చూపించాలి. లేకపోతే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. ఎదుటివారి సందేశం మొత్తం ఎత్తి పోయకూడదు, కావలసిన ముక్కే తీసుకోవాలి. ఎవరి మాట వాడుకున్నా, ఫలానా వారి మాట అని చెప్పి తీరాలి.

“ఈ గ్రూపుకి ఇన్ని నియమాలు అవసరమా అండీ?” అని కార్యదర్శి అప్పుడే అడిగారు.

“పద్ధతంటే పద్ధతే,” అన్నాడు అడ్మిన్.

ఆ పద్ధతే అతని మెడకు చుట్టుకుంది.

సోమవారం కార్యదర్శి రాశారు: “గోడకు మట్టి రంగు వేయిద్దాం. మరక పడినా కనపడదు.” ఎవరూ పలకలేదు.

గురువారం అడ్మిన్ రాశాడు: “మిత్రులారా! నాకొక ఆలోచన వచ్చింది. మట్టి రంగు వేయిస్తే మరక పడినా తెలియదు.” వెంటనే దాని కింద ఒక చప్పట్ల బొమ్మ వెలిసింది. పెట్టుకున్నది కూడా అడ్మినే.

“అడ్మిన్ గారూ, ఈ ఆలోచన తమకి ఎక్కణ్ణుంచి వచ్చిందో?” అని అడిగారు కార్యదర్శి.

“ఆలోచన గాలిలాంటిది. ఎవరికైనా తగలొచ్చు.”

“ఈ గాలి మా కిటికీలోంచే వీచినట్టుందే!”

“తమరి మాట వేరు, నాది వేరు. తమరు ‘కనపడదు’ అన్నారు. నేను ‘తెలియదు’ అన్నాను.”

“ఈకలు పీకేసి, ఇది వేరే కోడి అంటే ఎలాగండీ?”

అడ్మిన్‌కి పౌరుషం వచ్చింది. ఓటింగ్ పెట్టాడు. అడ్మిన్ తప్పు చేశాడా? సగం ఓట్లు అవునన్నాయి. సగం కాదన్నాయి. గ్రూపు నిలువునా చీలింది. ఆ తర్వాత ‘కార్యదర్శి వెళ్లిపోయారు’ అని ఒక చిన్న వాక్యం పడింది. దెబ్బకి సగం గ్రూపు ఖాళీ.

మర్నాడు ప్రెస్సులో అతని ధ్యాస పని మీద లేదు. అతను దిద్దిన చిన్నపిల్లల వాచకం ప్రూఫు బైండరు చేతికి వెళ్లింది. బైండరు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

“ఏం బీఏ, ‘ఆవు’ ‘పాలు’ ‘ఇచ్చును’ అని మాటమాటకీ ఈ కొటేషన్ గుర్తులేంటి?”

“ఎవరో ఒకరు ముందు అనే ఉంటారుగా అన్నా. రేపు వచ్చి నిలదీస్తే?”

“ఆవా?”

అడ్మిన్ నవ్వలేదు. కథంతా చెప్పుకొచ్చాడు. బైండరు జిగురు చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

“మిగతా సగం నీ వైపేనా?”

“నా వైపే. గట్టిగా నిలబడింది.”

“మరింకేం? పోయినవాళ్లు పోతారు. కొత్తవాళ్లను చేర్చుకో.”

“అది అంత తొందరగా అయ్యే పని కాదన్నా. ఏడాదైనా పడుతుంది. పైగా కార్యదర్శి గారు ఒప్పుకోవాలి.”

“ఇదేం గ్రూపయ్యా! పార్లమెంటు నయం. సరే, ఆ మొహమేంటి అలా పీక్కుపోయింది? గ్రూపు కోసం తిండి మానేశావా?”

“నేను మానలేదన్నా. తిండే నన్ను మానేసింది.”

బైండరు అతనికేసి జాలిగా చూసి, తన డబ్బాలోంచి రెండు అరటిపళ్లు తీసిచ్చాడు. “తిని, పోయి కాళ్లు పట్టుకో. మాట నీది కానప్పుడు పరువు మాత్రం నీదెలా అవుతుంది?”

“ఇది భలే ఉందన్నా. గ్రూపులో వాడుకోవచ్చా?”

“వాడుకో. నా పేరు మాత్రం ఎత్తకు, నాకెందుకొచ్చిన గొడవ!”

సాయంత్రం ఇల్లు చేరగానే అడ్మిన్ చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూలబడి కార్యదర్శికి ఆహ్వానం పంపాడు. కాసేపటికి విడిగా ఒక సందేశం వచ్చింది.

“చాటుగా చెప్పే క్షమాపణ చెల్లదు. గ్రూపులో, సభ్యులందరి ముందూ చెప్పాలి. ఎవరి మాటో, ఆ మనిషి తమరికి ఏమవుతుందో, చదివినవాళ్లకు అనుమానం మిగలకూడదు.”

“అలాగే,” అన్నాడు అడ్మిన్.

‘కార్యదర్శి చేరారు’ అని తెర మీద పడింది. అడ్మిన్ ఒక్కో అక్షరమూ కూడబలుక్కుని టైపు చేశాడు.

“సభ్యులందరికీ మనవి. మట్టి రంగు మాట నాది కాదు. ‘కనపడదు’ తీసేసి ‘తెలియదు’ పెట్టినంత మాత్రాన అది నాదైపోదు. చప్పట్ల బొమ్మ వెనక్కి తీసుకుంటున్నాను. ఇకమీదట ఆ గోడను చూసి ఎవరు మెచ్చుకున్నా, ఆ రంగు ముందుగా చెప్పింది ఈ గ్రూపులో నేను కాక ఉన్న ఒకే ఒక్క సభ్యురాలు, నిన్నటి నుంచి పొయ్యి ముట్టించకుండా పడగ్గది గడియ పెట్టుకుని నన్ను ఈ సోఫా పాలు చేసిన మా ఆవిడ అని దయచేసి గుర్తుపెట్టుకోండి.”