పదిహేడో రాకెట్, ఆవకాయ జాడీ

"జాడీ కింద పెట్టనా?" అన్నాను.

"ఎందుకే? ఈసారి పేలదని కోదండపాణిగారే చెప్పారుగా," అన్నారు మా ఆయన.

"పదహారుసార్లు చెప్పాడు."

సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్ళో రాకెట్ పరీక్ష రోజున ఊరగాయ జాడీలన్నీ అలమరలు దిగి బియ్యం బస్తాల మధ్య కూర్చుంటాయి. రాకెట్ కంపెనీ అధినేత కోదండపాణి మాట నమ్మి మా జాడీ ఒక్కటే పైన ఉండిపోయింది. పదకొండింటికి ఆకాశం దద్దరిల్లింది. ఆ వెనకే జాడీ భళ్ళున పగిలింది.

"గొప్ప విజయం! ఎంతో నేర్చుకున్నాం," అని ఫోన్లో వచ్చిన వీడియోలో కోదండపాణి నవ్వాడు.

"నేనూ నేర్చుకున్నాలే అబ్బయా," అంది అత్తయ్య పెంకులు ఏరుతూ. మా వైపు తిరిగింది. "ఈ పరీక్షలు ఉండాలా వద్దా అని రేపు ఊళ్ళో పెట్టే ఓటింగులో ఆపెయ్యమనే వెయ్యండి."

మా అమ్మాయి సంహిత ముఖం చిన్నబోయింది. ఆ రాకెట్లకు వెల్డింగ్ చేసేది అదే.

"నా అతుకు ఊడలేదు నాయనమ్మా! పేలింది వేరే చోట."

ఇంటికో ఓటు. మా ఇంటిది నా పేరున ఉంది. భోజనాల దగ్గర ముగ్గురూ నా వైపే చూశారు. ఆవకాయ లేని పప్పన్నం కలుపుతూ చెప్పాను.

"పరీక్షలు జరగాలనే వేస్తాను. ఓటు చీటీ కింద ఒక షరతు రాస్తాను. పరీక్ష రోజున కోదండపాణి మన వంటింట్లో కొత్త జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి."

"అట్టయితే ఆవకాయ నేనే కలుపుతా," అంది అత్తయ్య.