ఏ మీటైనా సరే

"ఒరే, ఆపరా ఆ గోల! తల పగిలిపోతన్నాది!"

అనూరాధ గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది. ఆమె తమ్ముడు గిరిబాబు అప్పుడే బావ మీద దుప్పటి సర్ది, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

"నానేటి సేసినానప్పా? పాడతన్నది కంప్యూటరు."

గిరిబాబు తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్న అద్దాల బీరువాలోంచి ల్యాప్‌టాప్ అతని గొంతుతోనే అరుస్తోంది.

'మా బావ కుట్టిన సొక్కా... రెండు సేతులూ ఒకే పక్కా!'

అయిపోగానే మళ్లీ మొదలు. అరగంటగా ఇదే వరస.

బావంటే పైడిరాజు. నరసన్నపేటలో ఇరవై ఏళ్లు పేరు మోసిన టైలరు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ ఆయన రోజూ వచ్చి పిసకమని రబ్బరు బంతి ఇస్తే, పైడిరాజు గోడవైపు తిరిగిపోతాడు. "నా సెయ్యి సచ్చిపోనాది. ఒగ్గీండి" అంటాడు. నిన్న కుట్టుమిషను కూడా ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. దాని కోసం ఇవాళ పైడిరాజుకి తమ్ముడి వరసైన చినబాబు ఆటో తీసుకొస్తున్నాడు.

జబ్బు చేసిన దగ్గర్నుంచి ఇంటికొచ్చినవాళ్లంతా పైడిరాజు దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. పెళ్లినాటి నుంచి బావని ఏడిపిస్తూ వచ్చిన గిరిబాబు మాత్రం అణువంత తగ్గలేదు.

అనూరాధ మొగుడి ఎడంచేతికి టీ గ్లాసు అందించి, కాలేజీలో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"సింధూరీ, ఈ పాట ఎలాగాపాలే?"

"మావయ్య అడిగితే చిన్న ప్రోగ్రాం రాసిచ్చానమ్మా. పాట తిప్పుతూనే, ఎవరైనా మీట నొక్కుతారేమోనని అది కనిపెట్టుకుని ఉంటాది. ఏ మీటైనా సరే, నొక్కితే ఆగిపోద్ది."

"కీబోర్డేదీ?"

"వైరు లేనిదిచ్చాను. మావయ్యనే అడుగు."

అనూరాధ ఫోన్ పెట్టేసింది. "ఎక్కడ దాసినావురా?"

"ఇంట్లోనే ఉన్నాదప్పా. ఎతుక్కో."

బియ్యం డబ్బా చూసింది. బట్టల మూటలు విప్పింది. మిషను కింద చెయ్యి పెట్టి తడిమింది. దారప్పోగులు తప్ప ఏమీ దొరకలేదు.

మంచం మీద పైడిరాజు మొహం కందగడ్డలా అయిపోయింది. "ఒరే... ఆపరా!"

"నచ్చలేదేటి బావా? ఇంకో సరణం కూడా ఉన్నాది. కాలరు నడుం కాడ కుట్టినావని!"

ఇంతలో చినబాబు లోపలికొచ్చాడు. పాట విని పడీపడీ నవ్వాడు. "ఏటి వదినా, రెండు సేతులూ ఒకే పక్కే?"

అనూరాధకి కళ్లనీళ్లు తిరిగాయి. "మిషను పోకుండా అడ్డుకోడానికే గదరా ఈ నాటకం?"

"అవునప్పా. పాట ఆగీవరకూ అది గుమ్మం దాటదు."

"నాకు పుస్తి కట్టిన మనిషి మంచాన పడితే నవ్వులపాలు సేస్తావా? నీకు మనసు లేదేట్రా?"

చినబాబు మిషను దగ్గరికెళ్లి చక్రం మీద చెయ్యి వేశాడు.

'మా బావ కుట్టిన సొ—'

టక్కున ఆగిపోయింది.

ఇంట్లో ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.

"ఇప్పటికి బుద్ధొచ్చినాదా?" అంది అనూరాధ. "నువ్వు మిషను తీస్కెళ్లు చినబాబూ."

"ఒగ్గీ చినబాబూ. మిషను ఇవ్వం." గిరిబాబు ఖాళీగా ఉన్న రెండు చేతులూ అక్క ముందు చాపాడు. "ఆపింది నాను కాదప్పా."

"మరెవుడు?"

పైడిరాజు ఎడంచేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. ఆయన కళ్లప్పగించి దుప్పటివైపే చూస్తున్నాడు. గిరిబాబు వెళ్లి మెల్లగా ఆ దుప్పటి తీశాడు.

కీబోర్డు పైడిరాజు కుడిచేతి కింద ఉంది.