అందరూ క్షేమం

కెమిస్ట్రీ ల్యాబులో విషవాయువు లీకైందన్న వార్త వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో గుప్పుమంది. యూనివర్సిటీ ఫేస్‌బుక్ పేజీ నడిపే విజయశ్రీ కుర్చీ వెనకే రిజిస్ట్రార్ నిలబడ్డాడు.

"విద్యార్థులందరూ క్షేమం అని పెట్టమ్మా."

"సార్, ఇద్దరు ఆడపిల్లలు ఇంకా స్పృహలోకి రాలేదు. ఐసీయూలో ఉన్నరు."

"వస్తరులే. ముందు జనం ఫికర్ తగ్గాలె. పెట్టు."

పెట్టింది. కింద తిట్లు, ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. వాటి మధ్య ఎవరో తండ్రి రాశాడు:

"మేడం, మీకు దండాలు. బిడ్డ ఫోన్ ఎత్తుతలేదని మగ్గం ఇడిసిపెట్టి బస్సెక్కిన. మీ మాట సదివినంక పానం నిమ్మలమైంది. స్టేషన్ ఘన్‌పూర్‌ల దిగి వాపస్ పోతున్న. నా బిడ్డ భవానిని జర చూసుకోండ్రి."

"చూసినవా? దీనికోసమే పెట్టమన్న," అన్నాడు రిజిస్ట్రార్.

విజయశ్రీ ఆ పేరు మళ్లీ చదివింది. ఐసీయూలో ఉన్న ఇద్దరిలో ఒకరి పేరు భవాని.

రిజిస్ట్రార్‌ని అడగకుండానే పోస్టు దిద్ది, ఇద్దరి పరిస్థితి విషమంగా ఉందని రాసింది. హాస్టల్ వార్డెన్ దగ్గర ఆ తండ్రి నంబరు తీసుకుంది.

"అన్నా, యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్న. మళ్ల బస్సెక్కి హనుమకొండ దవాఖానకు రాండ్రి."

"ఎందుకు మేడం? అందరు మంచిగున్నరని రాసిండ్రు గద?" ఆయన గొంతులో ఇంకా సంతోషం పోలేదు.

"నేనే రాసిన అన్నా," అంది. "అది అబద్ధం."