మూరెడు కిటికీ

"ఏ షాపు పంపింది నిన్ను?"

గేటు దగ్గర నిలబడి తన ఇంటి కిటికీల వంక చూస్తున్న ముసలాయన్ని టీసీగారు అడిగిన మొదటి మాట ఇది. ఎవరు కావాలని కూడా అడగలేదు.

"ఎవరూ పంపలేదండి. నేనే వచ్చాను," అన్నాడు ముసలాయన. వెలిసిపోయిన చొక్కా, జేబులో మడత పెట్టే కర్ర స్కేలు, చెవి మీద పెన్సిలు.

టీసీగారు ముప్పై ఏళ్ళు రైల్లో టికెట్లు అడిగి రిటైరయ్యారు. రైలు దిగారు గానీ అనుమానం దిగలేదు. ఆయన దృష్టిలో లోకమంతా టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళే.

ఈ పాత ఇల్లు కొని నెలైంది. ముందు గదికి నాలుగు కిటికీలు. ఒక్కోటీ మూరెడు వెడల్పు, మనిషెత్తు పొడుగు. చెక్క పుచ్చిపోయి తెరుచుకోవడం మానేశాయి. ఆయన భార్యకి ఉబ్బసం. గదిలో గాలి బాగా ఆడాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని స్లైడింగ్ కిటికీలు ఆర్డరిచ్చారు. కొలతలు తీసుకోవడానికి షాపు మనిషిని మాత్రం గడప తొక్కనివ్వలేదు. వాళ్ళు వేలెడు ఎక్కువ రాసుకుంటారని తనే టేపు పట్టి, నడిమధ్య ఒక్కసారి కొలిచి, ఫోనులో చెప్పేశారు.

"మూరెడు కంతకి స్లైడింగ్ వద్దండి," అన్నాడు ముసలాయన. "ఒక రెక్క ఇంకో రెక్క వెనక్కి జరగాలి కదా. ఎంత తెరిచినా జానెడే. పాత పద్ధతిలో రెండు రెక్కల చెక్క కిటికీ పెట్టుకోండి, లోపలికి తెరుచుకునేది. మూరెడుకి మూరెడూ గాలి వస్తుంది."

"ఇందులో నీకెంత ముడుతుంది?"

"ఏమీ ముట్టదండి. నేను మీ..."

"నువ్వెవరైతే నాకేంటి? నడు."

మర్నాడు టీసీగారు కూరగాయలు తీసుకుని వచ్చేసరికి ముసలాయన ఏకంగా ముందు గదిలోనే ఉన్నాడు.

"నేనే రమ్మన్నాను," అంది భార్య కుర్చీలోంచి. "కిటికీలు చేసే ఆయనట. పాత గోడలు తిన్నగా ఉండవట. పైన, మధ్యన, కింద కొలిచి, అన్నిటికన్నా చిన్న కొలత తీసుకోవాలట."

ప్రతి కంత పక్కనా గోడ మీద పెన్సిలుతో మూడేసి అంకెలు. వాటిలో చిన్నదాని చుట్టూ సున్నా.

టీసీగారికి ఒళ్ళు మండింది. తడిగుడ్డ తెచ్చి నాలుగు చోట్లా తుడిచేశారు.

"పర్లేదండి, నేను కాగితం మీద రాసుకున్నాను," అన్నాడు ముసలాయన.

దాంతో ఇంకా మండింది. "మళ్ళీ ఈ గుమ్మం ఎక్కావంటే మర్యాద దక్కదు."

మూడో రోజు గుమ్మం ఎక్కలేదు. గేటు బయటే నిలబడ్డాడు.

"ఒక్క మాటండి. ఆవిడ కోసమైనా..."

టీసీగారు ఆయన జేబులోంచి స్కేలు లాగి రోడ్డు మీదికి విసిరారు. ముసలాయన వంగి తీసుకుని, దుమ్ము దులిపి, మడతలు విప్పి చూసుకుని, తలెత్తకుండా వెళ్ళిపోయాడు.

"పెద్దాయనండీ," అంది భార్య.

"నీకు మనుషుల సంగతి తెలీదు. పోటీ షాపువాళ్ళ పనే ఇది."

పది రోజులైనా కిటికీలు రాలేదు. టీసీగారు షాపుకి ఫోను చేసి దులిపేశారు. "మూడు రోజుల్లో పంపకపోతే ఊరుకోను. ఇంకో సంగతి. మీ బేరాలు చెడగొట్టడానికి ఒక ముసలాడు ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. మీ ఓనరుకి చెప్పు."

"చెప్తానండి," అంది కౌంటర్లో అమ్మాయి.

మూడో రోజుకల్లా కిటికీలు వచ్చాయి. మధ్యలో సరిపోయాయి. పైన రెండు వేళ్ళు పట్టలేదు.

"ఎవరు కొలిచారు సార్?" అన్నాడు బిగించడానికి వచ్చినవాడు.

"నోరు మూసుకుని గోడ కొట్టు."

ఉలి తగిలేసరికి పాత సున్నం పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. ఇంటినిండా దుమ్ము. భార్యని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

నాలుగో రోజు ఇంటికి పంపుతూ డాక్టరు చెప్పాడు. "ఇంకోసారి ఆ ఇంట్లో గోడ కొట్టారంటే ఈవిడ దక్కదు."

కిటికీలు అప్పటికే సిమెంటులో బిగిసిపోయాయి. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని ఒకటి తెరిచింది. జానెడు తెరుచుకుంది. ఆ జానెడు సందులో మొహం పెట్టి ఊపిరి తీసుకుంటుంటే టీసీగారు చూడలేకపోయారు. జాలి చూపించడం చేతకాని మనిషి, కోపం తెచ్చుకుని షాపు మీద పడ్డారు.

"మీ ఓనరేడి?"

"బయటికెళ్ళారండి."

"మూరెడు కంతకి స్లైడింగ్ పనికిరాదని ముందే చెప్పొద్దా?"

ఆ అమ్మాయి ఆయన్ని వింతగా చూసింది. "చెప్పలేదాండి?"

టీసీగారు జవాబు చెప్పబోతూ ఆ అమ్మాయి వెనక్కి చూశారు. వెనక గోడకి నాలుగు సన్నటి చెక్క కిటికీలు ఆనించి ఉన్నాయి. మూడు పూర్తయ్యాయి. నాలుగోది సగమే చిత్రిక పట్టి ఉంది. ప్రతి చట్రం మీదా పెన్సిలుతో మూడేసి అంకెలు, చిన్నదాని చుట్టూ సున్నా.

"ఇవి... ఎవరివి?"

"మీవేనండి. మీ ఫోను రాగానే పని ఆపేశాం."

ఆయన చెయ్యి చాచి ఒక రెక్క తోశారు. చప్పుడు లేకుండా బార్లా తెరుచుకుంది. మూరెడుకి మూరెడూ.

"ఆ రోజు ఫోనులో..." రెక్క మెల్లగా మూశారు. "ముసలాడని చెప్పానే, అది మీ ఓనరుకి చెప్పావా?"

"చెప్పానండి. ఆ నాలుగోదానికి చిత్రిక పడుతున్నవారు చెయ్యి ఆపి, 'ఆ ముసలాణ్ణి నేనేనమ్మా, ఆయన అడిగిందే పంపించెయ్' అన్నారు."