గుర్రం వీపు మీద ఈగ

"ఈ చుక్క చెరిపెయ్యమంటారా అమ్మా, ఉంచమంటారా?" ఫ్రేములు కట్టే ముసలాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అడిగాడు.

ఆమె గ్యాలరీ గోడ పొడుగునా నేల మీద పరిచిన బొమ్మల్ని చూస్తూ నిలబడింది. పన్నెండు గుర్రాల ఫోటోలు. ఒక్కో ఫోటో పక్కన ఒక్కో తెల్లకాగితం. కాగితానికి ఒకటే నల్లగీత, దాని కింద ఆవగింజంత చుక్క. భర్త పోయిన మూడు నెలలకి ఆయన సొరుగులో అడుగున దొరికాయి ఆ గీతలు. ఆయన ఫోటోలు ఊరందరికీ తెలుసు. గీతల సంగతి మాత్రం ఇంట్లో మనిషికే తెలియదు.

"అది మరక," అన్నాడు గ్యాలరీ యజమాని. "ఇంత శుభ్రమైన గీత కింద చుక్కేమిటి, అసహ్యంగా!"

"మరకైతే పన్నెండు కాగితాల్లోనూ ఒకే చోట పడుతుందా బాబూ?"

"ఒకదాని మీద ఒకటి పెడితే సిరా దిగదూ?"

"అయితే ఈగేమో! గుర్రం వీపన్నాక ఈగ వాలదా?"

ముసలాయన తన మాటకి తనే నవ్వుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఈ మధ్య ఆమెకు నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. ఆయన పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ తిరిగింది.

యజమాని ఒక గీత వెంట గాల్లో వేలు నడిపాడు. "చూడండి మేడమ్. ఇక్కడ, ఈ మరకకి పైన, భుజం లేచింది. ఇది వీపు పల్లం. ఇక్కడ మళ్ళీ లేచింది పిరుదు. ఒక్క గీతలో గుర్రాన్నంతా దించేశారు! పక్కనే ఫోటో పెడితే జనం నోరు తెరుచుకుని చూస్తారు."

"పల్లం కాస్త ఎక్కువే," ముసలాయన గొణిగాడు. "మా నాన్న గుర్రబ్బండి తోలేవాడు. ఇంత పల్లమున్న గుర్రాన్ని నేనెక్కడా చూళ్ళేదు."

"కళంటే కొలతలు కాదు తాతా. నువ్వు చెక్కలు కొలుచుకో." యజమాని ఒక కాగితం వెనక్కి తిప్పాడు. పెన్సిలుతో రెండే మాటలు: ఉదయం ఐదు. పన్నెండింటి వెనకా అవే. "గుర్రాలశాలలో తొలివెలుగు! కేటలాగులో ఇదే రాస్తాను."

"ఐదింటికి ఇంకా ఇంట్లోనే ఉండేవారు," అంది ఆమె. "ఐదున్నరకి కెమెరా తీసుకుని వెళ్ళేవారు."

"ఆ అరగంటా ఏం చేసేవారు?"

"ఏమో. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. తలుపు చప్పుడుకి మెలకువ వచ్చేది."

"అంటే శాలకి వెళ్ళకముందే మనసులో గుర్రాన్ని చూసుకున్నారన్నమాట!" యజమాని మురిసిపోయాడు.

ఆమెకూ అదే నిజమనిపించింది. కళ్ళు తెరవగానే గుర్రమే. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన తీసిన ఫోటోలు వేలల్లో ఉన్నాయి. వాటిలో ఆమెది ఒక్కటీ లేదు. తల్లి లేకుండా హాస్టళ్ళలో పెరిగిన మనిషి, ఎవరి కంటికీ ఆనకపోవడం ఆమెకు కొత్త కాదు. అయినా ఈ ప్రదర్శనకి ఒప్పుకున్నది ఒక్కందుకే. ఆయన పెట్టెలన్నీ తెరిస్తే ఏ మూలో తాను కనిపించకపోతానా అని. తొమ్మిది పెట్టెలూ తెరిచింది. గుర్రాలే.

రోజూ దణ్ణం పెట్టుకుంటుంది కానీ దేవుణ్ణి నిందించడం ఎరగదు. అడగడంలో తప్పు లేదుగా! ఆయనకి అంత చూపునిచ్చావే తండ్రీ, దాన్ని ఒక్కసారి ఇటు తిప్పడానికి నీకు తీరికే లేకపోయిందా?

"బ్లేడుతో గీకితే చుక్క పోతుంది," అన్నాడు ముసలాయన. "పోయిందంటే మళ్ళీ రాదమ్మా. పెట్టినాయన లేడు. చెరపమనాల్సింది మీరే."

"ఆలోచించి చెబుతాను."

"నాలుగింటికి ఫోన్ చేస్తా. అందాకా బ్లేడు ముట్టను."

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు టేపు మెడలో వేసుకుని కూర్చుని ఉంది. "రా వదినా! ప్రారంభం రోజున కూడా ఆ మెడదాకా మూసిన రెడీమేడ్ చొక్కాలు వేసుకొచ్చావో, గుమ్మంలోనే ఆపేస్తా. నీకు నేను జాకెట్టు కుట్టడం ఇదే మొదలు, కాదనకు."

"నన్నెవరు చూస్తారే? గుర్రాల్ని చూడ్డానికి వస్తారు."

"అదీ నిజమే. మా అన్నయ్యకి నువ్వు రెండో పెళ్ళానివి. మొదటిది గుర్రం." అనేసి నాలుక కరుచుకుంది. "పోన్లే, పోయినవాడి మీద చాడీలెందుకు! ఆ పై చొక్కా తీసెయ్. దానిమీద కొలిస్తే లెక్క తప్పుతుంది. ఇంట్లో మనిద్దరమేగా."

ఆమె చొక్కా తీసి, గోడవైపు తిరిగి నిలబడింది. అంతలో చేతిలో ఫోను మోగింది.

"నాలుగైందమ్మా," అన్నాడు ముసలాయన. "గ్యాలరీ బాబు పక్కనే నిలబడి తొందర పెడుతున్నాడు. బ్లేడు పట్టుకుని కూర్చున్నా. ఏం చెయ్యమంటారు?"

ఆమె కళ్ళు మూసుకుంది. మరకో, ఈగో. ఏదైతేనేం? గీకెయ్యమని చెప్పడానికి నోరు తెరిచింది.

వెనకాల టేపు ఆగింది. ఎడమ భుజం ఎముక కింద చల్లగా ఒక వేలు ఆనింది.

"ఇక్కడ నీకు పుట్టుమచ్చ ఉందేమిటి వదినా!"