ఎవరి కారది?

ఎదురొచ్చిన పసుపు కారులో ఓ కుర్రాడు, పక్కన ఓ పిల్ల. కుర్రాడు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తాడు. మా ఆయన ఒరెస్ట్ కూడా ఎత్తాడు. కెనడాలో మా సస్కాచెవాన్ మట్టిరోడ్ల మీద ఆ పలకరింపు మామూలే. కారు దాటిపోయాక ఆయన మొహం మాడిపోయింది.

"ఎవరే వాళ్లు? ఎవరి పిల్లలు?"

"నాకేం తెలుసు? పోనీ."

"తెలీకపోతే రాత్రికి నిద్రెలా పడుతుంది?" అని ట్రక్కు వెనక్కి తిప్పేశాడు.

మేం తరిమేకొద్దీ వాళ్లు జోరు పెంచారు. గోధుమ చేల మధ్య దుమ్మే దుమ్ము. నాకు నవ్వాగడం లేదు. చివరికి ఓ చేను గట్టున రోడ్డే అయిపోయింది. కుర్రాడు రెండు చేతులూ పైకెత్తి దిగాడు. వెనకే కొత్త పెళ్లాం.

"ఎవరబ్బాయివిరా?" అన్నాడు ఒరెస్ట్.

"ఇక్కడ ఎవరికీ ఏమీ కామండీ. ఊళ్లు చూస్తూ పోతున్నాం. హోటల్‌కి డబ్బుల్లేక కార్లోనే పడుకుంటున్నాం. అందరూ వేలెత్తుతున్నారని మేమూ ఎత్తాం."

"ఈ చేలల్లో చూడ్డానికేముంది?"

"ఇందాకటి దాకా ఏమీ లేదండీ," అంది ఆ పిల్ల.

ఆ పూట మా ఇంట్లోనే ఆలుగడ్డ కూరి ఉడికించిన పెరోగీలు తిన్నారు. పెళ్లైన కొత్తలో పిల్లల కోసమని కట్టించుకున్న పైగదిలో మొదటిసారి ఎవరో పడుకున్నారు.

పొద్దున్నే కనిపించిన ప్రతి బండికీ వేలెత్తుకుంటూ వెళ్లిపోయారు. ఇక మా ఫోను మోగడం ఆగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న, ఆ పసుపు కారులో వెళ్లింది ఎవరి పిల్లలని.

"మావాళ్లే," అన్నాడు ఒరెస్ట్. "వాడిది నా ముక్కే, చూళ్లేదూ?"